ఇంగ్లీషు జంట మాటలు ఎలా పుట్టాయి

ఆఫీసుల్లో రోజూ తిరిగే ఈమెయిళ్ళ చివరి వాక్యం చూడండి. ‘ప్లీజ్ అడ్వైజ్’ అని రాయాల్సిన చోట ఎస్‌కు బదులు సి పడుతూ ఉంటుంది. ఎస్‌తో రాస్తే అది క్రియ, సలహా ఇవ్వమని అర్థం. సి అక్షరంతో రాస్తే సలహా అనే పేరు మాత్రమే. ఊపిరిని చెప్పే బ్రెత్‌కూ, ఊపిరి పీల్చడాన్ని చెప్పే బ్రీద్‌కూ మధ్య ఇదే తికమక. నష్టమనే లాస్‌కూ, పోగొట్టుకోవడమనే లూజ్‌కూ మధ్య ఇదే తికమక. డిగ్రీలు చదివినవాళ్ళు తడబడతారు, విదేశాల్లో ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళు తడబడతారు, ఇంగ్లీషు తల్లిభాషగా పుట్టినవాళ్ళూ తడబడతారు.

మన బళ్ళలో దీనికి దొరికే మందు ఒక పట్టిక. ఎడమవైపు నామవాచకాలు, కుడివైపు క్రియలు, బట్టీ పట్టండి అంటారు. ఆ పట్టికలో ‘ఎందుకు’ అన్న ప్రశ్నకు చోటుండదు. కారణం తెలియకుండా నేర్చుకున్న తేడా పరీక్ష అయిపోయిన మర్నాడే మనసులోంచి జారిపోతుంది. నిజానికి ఈ జంటల్లో ఎక్కువ వాటికి గట్టి కారణం ఉంది. కొన్నింటికి నోరు కారణం, కొన్నింటికి కలం కారణం. ఏది దేనివల్ల వచ్చిందో తెలిస్తే సగం తికమక అక్కడే తీరుతుంది.

కథ వెయ్యేళ్ళు పైబడినది. తొమ్మిదో శతాబ్దంలో ఆల్‌ఫ్రెడ్ రాజు కాలంలో మాట్లాడిన పాత ఇంగ్లీషు ఇప్పటి ఇంగ్లీషులా ఉండేది కాదు. మన తెలుగులాగే అందులోనూ మాట ఏ పని చేస్తోందో దాని చివరి భాగం చెప్పేది. క్రియ మూలరూపానికి చివర ‘అన్’ అనో ‘ఇయన్’ అనో ఒక ప్రత్యయం ఉండేది. స్నానం ‘బ్యాథ్’, స్నానం చేయడం ‘బదియన్’. ఇల్లు ‘హూస్’, ఇంట్లో చోటివ్వడం ‘హూజియన్’. గడ్డి ‘గ్ర్యాస్’, గడ్డి మేయడం ‘గ్రజియన్’. పేరేదో పనేదో ప్రత్యయమే చెబుతోంది కాబట్టి అప్పట్లో ఎవరికీ అనుమానం లేదు.

ఈ మూడు జతలూ ఇంకోసారి పైకి పలకండి. పేరులో ‘థ్’ ఉన్నచోట క్రియలో ‘ద్’ ఉంది, పేరులో ‘స్’ ఉన్నచోట క్రియలో జెడ్ ధ్వని ఉంది. (ఇక్కడ ‘ద్’ అని రాస్తున్నది ‘దిస్’, ‘దట్’ మాటల మొదట్లో నాలుక పళ్ళ మధ్యకు పోయి పలికే ధ్వని.) ఇది యాదృచ్ఛికం కాదు. పాత ఇంగ్లీషులో ఎఫ్, ఎస్, థ్ అనే మూడు ధ్వనులకు ఒక నియమం ఉండేది. మాట చివర నిలిస్తే అవి ఉత్త ఊపిరితో పలికేవి. రెండు అచ్చుల మధ్య పడితే గొంతు కూడా మోగేది, అంటే ఎఫ్ కాస్తా వి అయ్యేది, ఎస్ కాస్తా జెడ్ అయ్యేది. మన వ్యాకరణవేత్తలు శ్వాసాలు, నాదాలు అని విడదీసిన తేడా సరిగ్గా ఇదే. పేరు ఆ హల్లుతో ముగిసిపోతుంది గనుక అక్కడ శ్వాసం. క్రియకు వెనక ప్రత్యయం ఉంది, దాని అచ్చు హల్లును మధ్యలో ఇరికిస్తుంది గనుక అక్కడ నాదం. అప్పటివాళ్ళు కావాలని చేసిన తేడా కాదిది. గొంతును ఆపి మళ్ళీ మోగించే శ్రమ తప్పించుకోవడానికి నోరు తనంతట తాను చేసుకున్న సర్దుబాటు.

పదకొండో శతాబ్దం నుంచి ఆ ప్రత్యయాలు అరగడం మొదలైంది. 1400లో కన్నుమూసిన కవి చాసర్ కాలానికి క్రియల చివర ఒక బలహీనమైన అచ్చు, కొన్నిచోట్ల ఒక ‘న్’ మిగిలాయి. మరో వందేళ్ళకు అవీ వినబడకుండా పోయాయి. ప్రత్యయం పోయినా దానివల్ల పుట్టిన నాదం మాత్రం హల్లులో ఉండిపోయింది. ఈనాటి బాత్–బేద్, గ్రాస్–గ్రేజ్ జతల రహస్యం ఇంతే. ఇవాళ క్రియ చివర మనం వింటున్న ఆ మోత, ఒకప్పుడు అక్కడ ఇంకో అక్షరం ఉండేదనడానికి సాక్ష్యం.

అచ్చు ఎందుకు మారిందో కూడా దీంతోనే తెలుస్తుంది. పదమూడో శతాబ్దం ప్రాంతంలో, వెనక ఇంకో అచ్చు ఉన్న మాటల్లో ముందున్న హ్రస్వం దీర్ఘమైంది. క్రియకు వెనక అచ్చు ఉంది కాబట్టి దీర్ఘం వచ్చింది, పేరుకు లేదు కాబట్టి రాలేదు. తర్వాత పదిహేనో శతాబ్దం నుంచి ఇంగ్లీషు దీర్ఘాచ్చులన్నీ ఒకదాని వెంట ఒకటి స్థానం మారినప్పుడు ఆ దీర్ఘ ‘ఆ’ కాస్తా ‘ఏయ్’ వైపు పోయింది. బేద్, గ్రేజ్, గ్లాస్‌కు జతైన గ్లేజ్ అలా తయారయ్యాయి. రాతలో క్రియ చివర ఊరికే కూర్చున్న ‘ఇ’ అక్షరం ఆ పాత అచ్చు తాలూకు మిగులు.

మరి మిగతా క్రియల సంగతి? అక్కడ ప్రత్యయం పోగానే పేరూ పనీ ఒక్కటైపోయాయి. ప్రేమ ‘లువు’, ప్రేమించడం ‘లువియన్’. పేరుకు కూడా చివర అచ్చు ఉండడంతో రెండింట్లోనూ ముందునుంచే వి ధ్వని ఉంది. చివరి అచ్చులు రాలిపోయాక రెండూ ‘లవ్’ అయ్యాయి. ఆన్సర్ కూడా అంతే. ఇంగ్లీషులో ఏ పేరునైనా పట్టుకుని క్రియగా వాడేయగలిగే స్వేచ్ఛ ఇలా వచ్చిందే. తేడా చూపే జంటలు వేలల్లో లేవు, ఈ మూడు ధ్వనులు మాట చివర పడిన చోట్ల మాత్రమే మిగిలాయి.

1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక రాతపని ఫ్రెంచి పద్ధతి తెలిసిన లేఖకుల చేతికి పోయింది. పాత ఇంగ్లీషు ఎఫ్ ధ్వనికీ వి ధ్వనికీ ఒకే ఎఫ్ అక్షరం రాసేది. ఈ లేఖకులు వి ధ్వనికి వేరే అక్షరం వాడారు. అందుకే హాఫ్‌కూ సగం చేయడమనే హావ్‌కూ తేడా కంటికి కూడా కనిపిస్తుంది. థ్ విషయంలో ఆ మేలు జరగలేదు, రెండింటికీ టి, హెచ్ అక్షరాలే. ఇంటిని చెప్పే హౌస్‌కూ, చోటిచ్చే హౌజ్‌కూ అక్షరాలన్నీ ఒకటే. చెవికి ఉన్న తేడా కంటికి లేదు.

ఆ వచ్చిన ఫ్రెంచిలో కూడా ఇదే నియమం విడిగా నడుస్తూ ఉండేది. అక్కడ కూడా రెండు అచ్చుల మధ్య ఒంటి ఎస్ జెడ్ అయ్యేది, మాట చివర వి ధ్వని ఎఫ్ అయ్యేది. వాడకం ‘యూస్’, వాడడం ‘యూజ్’ అనే జంటను ఇంగ్లీషు ఫ్రెంచి నుంచి తెచ్చుకుంది. ఉపశమనం రిలీఫ్, ఉపశమింపజేయడం రిలీవ్, దుఃఖం గ్రీఫ్, దుఃఖించడం గ్రీవ్ కూడా అక్కడివే. సలహా అనే మాట మొదట ‘అవీస్’ అని వచ్చింది, అందులో డి లేదు. లాటిన్ మూలం గుర్తుకు తెచ్చుకున్న పండితులు తర్వాత డి చేర్చారు. క్రియ ‘అవిజె’ నుంచి వచ్చి జెడ్ ధ్వనిని ఉంచుకుంది. చాలాకాలం రెండింటినీ ఎస్‌తోనే రాసేవారు. పేరులోది ఉత్త ‘స్’ అని చూపించడానికి సి, ఇ అక్షరాలు వచ్చాయి. ఎలుకలనే మైస్, రెండుసార్లనే ట్వైస్ మాటల చివర సి, ఇ ఎందుకున్నాయో అందుకే ఇక్కడా ఉన్నాయి. డివైస్–డివైజ్ జంటదీ ఇదే చరిత్ర.

తెలుగువాళ్ళం ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఆట, ఆడు. పాట, పాడు. ఈత, ఈదు. చేటు, చెడు. పాటు, పడు. పేర్లలో ట, త ఉన్నాయి, క్రియల్లో డ, ద ఉన్నాయి. 1858లో బాలవ్యాకరణం వెలువరించిన చిన్నయసూరి మాటల్లో చెప్పాలంటే పేరుకు పరుషం, పనికి సరళం. కారణం కూడా పోలికైనదే. ద్రావిడ భాషల్లో అచ్చుల మధ్య ఒంటి హల్లు మెత్తబడి నాదమవుతుంది, జంటగా ఉన్న హల్లు గట్టిగానే నిలుస్తుంది. పేరు చేయడానికి హల్లును రెట్టించారు. తమిళంలో ఇప్పటికీ ఆట్టం, పాట్టు అనే అంటారు. మనం ఆ రెట్టింపును వదిలేసి గట్టిదనాన్ని ఉంచుకున్నాం. ఇంగ్లీషుకూ తెలుగుకూ చుట్టరికం లేదు, ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నదీ లేదు. మనిషి గొంతు ఒకటే కాబట్టి ఫలితం ఇంత దగ్గరగా వచ్చింది. పాట, పాడు అని ఒక్కసారి కూడా తడబడకుండా పలికే తెలుగు పిల్లవాడికి బ్రెత్, బ్రీద్ కొత్త సంగతి కాదు. ఆ సంగతి వాడికి చెప్పేవాళ్ళే లేరు.

ఒకసారి మూస తయారయ్యాక ఇంగ్లీషువాళ్ళు దానిలో కొత్త మాటలు పోశారు. పాత ఇంగ్లీషులో ‘బ్రెత్’ పూర్వరూపానికి వాసన, ఆవిరి అని అర్థం, దాని నుంచి క్రియ తర్వాతి కాలంలో పుట్టింది. నమ్మకం అనే బిలీఫ్ చివర మొదట ఎఫ్ లేదు, పేరుకూ వి ధ్వనే ఉండేది. ప్రూఫ్–ప్రూవ్, గ్రీఫ్–గ్రీవ్ జంటలను చూసి పదహారో శతాబ్దంలో దీనికీ ఎఫ్ తగిలించారు. అంటే అప్పటికే ప్రజల మనసులో ‘పేరుకు శ్వాసం, పనికి నాదం’ అన్న లెక్క స్థిరపడిందన్నమాట.

చాయిస్–చూజ్ జంట కథ ఇంకా చిత్రమైనది. చూజ్ పాత ఇంగ్లీషు సొంత మాట. చాయిస్ ఫ్రెంచి నుంచి వచ్చింది. కానీ ఫ్రెంచివాళ్ళు దాన్ని తీసుకున్నది జర్మానిక్ భాషల దగ్గరే. అంటే ఒకే మూలం నుంచి విడిపోయిన రెండు మాటలు ఖండమంతా తిరిగి మళ్ళీ ఇంగ్లండులో పేరుగా, క్రియగా కలిశాయి. నాకు ఈ చరిత్ర మొత్తంలో బాగా ఇష్టమైన ఘట్టం ఇది.

లూజ్ విషయంలో మనవాళ్ళ పొరపాటుకు మన తెలుగే కారణం. పోగొట్టుకోవడం అనే క్రియకు ఒక ‘ఓ’ అక్షరం, చివర జెడ్ ధ్వని. వదులు అనే విశేషణానికి రెండు ‘ఓ’లు, చివర ‘స్’ ధ్వని. ఇది వైకింగుల భాష నుంచి ఇంగ్లీషుకు వచ్చిన మాట. కానీ మనం ‘చొక్కా లూజుగా ఉంది’ అంటాం, ‘లూజ్ మోషన్స్’ అంటాం. వదులు మాటను క్రియ ధ్వనితో పలకడం అలవాటైపోయాక, రాసేటప్పుడు ఒక ‘ఓ’నా రెండా అని చెయ్యి తటపటాయించడం సహజమే. ‘ఏం యూజ్ లేదు’ అన్నప్పుడు కూడా పేరును క్రియలా పలుకుతున్నాం. పైగా తెలుగులో జెడ్ ధ్వని లేదు. దానికి దగ్గరిది మనకు ఉంది, ‘జడ’ అన్నప్పటి జ. ‘జాతి’లోది కాదు. జడలోని జ పలుకుతూ నాలుకను పైకి తాకించకుండా సాగదీస్తే జెడ్ వచ్చేస్తుంది.

ఇంతవరకూ నోటి కథ. ఇక కలం కథ.

1476లో విలియం కాక్స్‌టన్ వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. అక్షరక్రమం మాత్రం వెంటనే కుదురుకోలేదు. ఇంగ్లీషు మాటలకు ఇంగ్లీషులోనే అర్థాలిచ్చిన మొదటి నిఘంటువు రాబర్ట్ కాడ్రీది, 1604 నాటిది. సరైన రాత నేర్పుతానని చెప్పిన దాని ముఖపత్రం మీదే ‘వర్డ్స్’ అనే మాటకు రెండు రకాల అక్షరక్రమం ఉంది. అలాంటి కాలంలో ప్రాక్టీస్ అనే మాట ఎలాగోలా రాయబడుతూ వచ్చింది. ఒకప్పుడు ఆ క్రియకు ఊనిక, అంటే ఒత్తి పలికే బరువు, రెండో అక్షరం మీద ఉండేది, చివర జెడ్ ధ్వని ఉండేది. ఊనిక ముందుకు జరిగాక చివరి ధ్వని కూడా శ్వాసమై, పేరూ క్రియా పలుకుబడిలో ఒక్కటైపోయాయి. అయినా అడ్వైస్–అడ్వైజ్ జంట పక్కనే ఉంది కదా అని పేరుకు సి, క్రియకు ఎస్ రాశారు. భవిష్యవాణి అనే ప్రాఫెసీ, ఆ పని చెప్పే ప్రాఫెసై మధ్య సి, ఎస్ తేడా కూడా 1700 దాటాకే స్థిరపడింది.

లైసెన్స్ అయితే పూర్తిగా కలం సృష్టి. పలకడంలో ఎన్నడూ తేడా లేదు. 1755లో శామ్యూల్ జాన్సన్ తన మహానిఘంటువులో పేరునూ క్రియనూ రెండింటినీ ఎస్‌తోనే రాశాడు. పేరుకు సి, క్రియకు ఎస్ అన్న విభజనను 1836లో బి. హెచ్. స్మార్ట్ తన ఉచ్చారణ నిఘంటువులో గుర్తించాడు, బ్రిటన్‌లో అదే నిలబడింది. అట్లాంటిక్ అవతల నోవా వెబ్‌స్టర్ 1828 నాటి తన అమెరికన్ నిఘంటువులో, ప్రాక్టీస్‌లో పేరుకు ఏ అక్షరాలో క్రియకూ అవే ఉండాలని తేల్చాడు. అందుకే ఈనాటి అమెరికాలో ప్రాక్టీస్ రెండు పనులకూ సి, లైసెన్స్ రెండు పనులకూ ఎస్.

మన దేశం బ్రిటన్ దారిలో నడిచింది. 1988 మోటారు వాహనాల చట్టంలో ‘డ్రైవింగ్ లైసెన్స్’ అన్నచోట సి ఉంటుంది. అదే చట్టంలో ‘లైసెన్సింగ్ అథారిటీ’ అన్నచోట ఎస్ ఉంటుంది, ఎందుకంటే ఆ మాట క్రియ నుంచి వచ్చింది. డాలస్‌లో ఉన్న మన పిల్లలకు మాత్రం ఈ రెండుచోట్లా ఎస్సే సరైనది. అక్కడ చదివినవాళ్ళు రాసింది ఇక్కడివాళ్ళకు తప్పుగా, ఇక్కడివాళ్ళది అక్కడ తప్పుగా కనిపిస్తుంది. కంప్యూటర్లో అమెరికన్ ఇంగ్లీషు పెట్టి ఉంటే మన సరైన రాత కింద కూడా ఎర్రగీత పడుతుంది. దీనిమీద మార్కులు తీసేయడం, అర్థం చెప్పకుండా ఎగతాళి చేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. నిఘంటుకర్తలే ఎనభై ఏళ్ళు తేల్చుకోలేకపోయిన విషయమిది.

మూడో రకం జంట అక్షరాల్లో కనబడదు, పలుకు బరువులో ఉంటుంది. రికార్డ్, రెబెల్, పర్మిట్, ప్రొటెస్ట్ లాంటి మాటలు పేరైతే ఊనిక మొదట, క్రియైతే చివర. పీటర్ లెవిన్స్ 1570లో ఒక ప్రాసల నిఘంటువు అచ్చువేశాడు. అందులో ఊనిక గుర్తులున్నాయి కాబట్టి నాలుగున్నర శతాబ్దాల కిందటి పలుకుబడి మనకు తెలుస్తోంది. అప్పటికి ఇలా విడిపోయిన జతలు మూడే: ఔట్‌లా, రెబెల్, రికార్డ్. 1582 నాటికి ఎనిమిదయ్యాయి. 1975లో షెర్మన్ అనే పరిశోధకుడు పాత నిఘంటువుల వెంట నడిచి లెక్క తీశాడు. 1800 నాటికి సుమారు 70, 1934 నాటికి సుమారు 150. ఎవరూ శాసించకుండా, ఎవరూ గమనించకుండా, ఒక్కో మాటే ఈ వరుసలో చేరుతూ వచ్చింది. రిపోర్ట్, కంట్రోల్, సపోర్ట్ ఇంకా చేరలేదు, వాటికి పేరైనా క్రియైనా ఒకటే ఊనిక. తెలుగులో ఊనిక మారితే అర్థం మారదు కాబట్టి ఈ తేడా మన చెవికి ఆనదు. రికార్డు అంటే మనకు అన్నిచోట్లా ఒకే రికార్డు.

అందరినీ ఎక్కువ ఏడిపించే అఫెక్ట్–ఎఫెక్ట్ జంటకు పై మూడు నియమాల్లో ఏదీ పనికిరాదు. రెండూ లాటిన్‌లో ‘చేయు’ అనే ధాతువు నుంచి వచ్చినవే, ముందున్న ఉపసర్గలు వేరు. ఒకటి ‘మీదికి’ అని చెబుతుంది, ఇంకోటి ‘బయటికి’ అని. మీద పడి ప్రభావం చూపడం అఫెక్ట్, అందులోంచి బయటికి వచ్చిన ఫలితం ఎఫెక్ట్. వేగంగా మాట్లాడే ఇంగ్లీషులో మొదటి అచ్చు నలిగిపోయి రెండూ ఒకేలా వినబడతాయి. మన మాటలో ‘వానలకి పంట ఎఫెక్ట్ అయింది’, ‘దాని ఎఫెక్ట్ మన మీద పడింది’ అని రెండు పనులనూ ఒక్క ఎఫెక్టే మోస్తోంది. మామూలు రాతలో క్రియకు ఎ అక్షరం, పేరుకు ఇ అక్షరం అనుకుంటే చాలావరకు తప్పు రాదు. కానీ ఎఫెక్ట్ క్రియ అయిన చోట్లూ ఉన్నాయి, మార్పును జరిపించడం అనే అర్థంలో. మానసిక శాస్త్రంలో అఫెక్ట్ పేరు కూడా, మనోభావం పైకి కనబడే తీరు అని. అప్పుడు ఊనిక మొదటి అక్షరం మీదికి పోతుంది.

ఇంగ్లీషు చెప్పే మాస్టార్లకు, టీచరమ్మలకు ఒక మనవి. అడ్వైజ్, బ్రీద్, ప్రూవ్, బిలీవ్ జంటలను పట్టికలో రాయించే ముందు పిల్లల చేత గొంతు మీద వేలు పెట్టించి పలికించండి. ఆట–ఆడు, ఈత–ఈదు కూడా పక్కనే పలికించండి. రికార్డ్, పర్మిట్ లాంటివి వాక్యాల్లో పెట్టి వినిపించండి. లైసెన్స్, ప్రాక్టీస్ వచ్చినప్పుడు మాత్రం ఇది చెవికి అందదు, నిఘంటువు చూసి రాయాలని, అమెరికాలో వేరుగా రాస్తారని ఉన్నదున్నట్టు చెప్పండి. మూడింటినీ కలిపి ఒకే పట్టికలో ఇవ్వకండి.